ప్రొద్దుటూరు నుంచి ఎంత దూరం?

ఆమధ్య ఒకరోజు పొద్దున ప్రొద్దుటూరు బస్టాండులో పులివెందుల బస్సు కోసం నిలబడి ఉన్నాను. పక్కన బెంచీ మీద ఒక పెద్దాయన, ఒళ్లో సంచీ పెట్టుకొని కూర్చున్నాడు. ఆయన పక్కన ఒక కుర్రాడు. వీపున బ్యాగు, చెవుల్లో తీగలు. పెద్దాయన ఊరకే ఉండలేక అడిగినాడు.

“యాడికప్పా?”

“హైదరాబాదుకు, పెద్దయ్యా. కడపకు పోయి ఇమానం ఎక్కల్ల.”

“ఎంతసేపు పోతాది ఇమానం?”

“గంట. మహా అంటే గంటా పది నిమిషాలు.”

పెద్దాయన కాసేపు లెక్క వేసుకున్నాడు. “నేను ఈడి నుంచి పులివెందులకు పోవల్ల. బస్సు తిరుక్కుంటా పోయేసరికి రెండు గంటలు. నువ్వేమో హైదరాబాదుకు గంటంటివి. అయితే నాకంటే నువ్వే దగ్గరికి పోతాండావు!”

కుర్రాడు నవ్వినాడు. నేనూ నవ్వినాను. బస్సెక్కి కూర్చున్నాక మాత్రం ఆ మాట నన్ను వదల్లేదు. ముద్దనూరు దాటినా వదల్లేదు. ఏది దగ్గర, ఏది దూరం? కిలోమీటర్లలో చూస్తే ఒక లెక్క. గంటల్లో చూస్తే ఇంకో లెక్క. ఈరోజు మీతో ఆ లెక్క గురించే కాసేపు మాట్లాడాలని వచ్చాను. కాగితం, పెన్సిలు అక్కర్లేదు. వింటే చాలు.

మన పెద్దవాళ్లు దూరాన్ని రకరకాలుగా చెప్పేవాళ్లు. పక్క చేను అయితే కూతవేటు దూరం. అంటే ఇక్కడ కూత వేస్తే అక్కడ వినపడాలి. కాస్త దూరమైతే కోసు. ఇంకా దూరమైతే ఆమడ. ఆమడ అంటే నాలుగు కోసులు, సుమారు ఎనిమిది మైళ్లు. మా జేజి మాత్రం ఇవేవీ చెప్పేది కాదు. ఎవరైనా “ఆ ఊరు ఎంత దూరం?” అని అడిగితే, “సద్ది తిని బయల్దేరితే నడిపొద్దుకు చేరతావు” అనేది. చూడండి, ఆ మాటలో మైలు లేదు, కోసు లేదు. తిండి ఉంది, పొద్దు ఉంది. దూరాన్ని ఆమె కాలంతో కొలిచింది. ఇప్పుడు విమానం కుర్రాడు చేసిందీ అదే. “ఎంత దూరం?” అంటే “గంట” అన్నాడు.

సరే, ముందు ఆకాశంలో కొలిచే దూరం ఎంతో చూద్దాం.

ఇంట్లో పిల్లల పటం ఉంటే ఒకసారి చూడండి. లేకపోతే నా మాట నమ్మండి. ప్రొద్దుటూరు, హైదరాబాదు దాదాపు ఒకే నిలువు గీత మీద ఉన్నాయి. ప్రొద్దుటూరు మేడ మీద నిలబడి, ఉత్తరం వైపు ఒక దారం కట్టి తిన్నగా లాక్కుంటూ పోతే, ఆ దారం హైదరాబాదులోనే తేలుతుంది. ఆ పక్కకూ పోదు, ఈ పక్కకూ పోదు. పటం మీద అడ్డగీతలు ఉంటాయి కదా, అక్షాంశాలు. ఒక గీతకూ ఇంకో గీతకూ మధ్య, అంటే ఒక డిగ్రీకి, 111 కిలోమీటర్లు. ప్రొద్దుటూరుకూ హైదరాబాదుకూ మధ్య రెండున్నర డిగ్రీల పైచిలుకు ఉంది. అంటే మూడు వందల కిలోమీటర్లకు కాస్త తక్కువ. ఎవరూ నడవకుండా, ఎవరూ చక్రం తిప్పకుండా ఇంట్లో కూర్చొని కొలిచిన దూరం ఇది.

మరి రోడ్డు? మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల, కర్నూలు మీదుగా పోతే నాలుగు వందలకు దగ్గరపడుతుంది. మళ్లీ చెప్తున్నా: గాలిలో మూడు వందలు, నేల మీద నాలుగు వందలు. ఆ వంద ఎక్కడ పోయింది? ఊరూరూ పలకరించుకుంటూ పోయినందుకు, కొండలకు, ఏర్లకు దారి ఇచ్చినందుకు పోయింది.

రైలుది ఇంకా పెద్ద తిరుగుడు. ఎర్రగుంట్లలో వెంకటాద్రి ఎక్కినవాళ్లకు తెలుసు. హైదరాబాదు ఉండేది ఉత్తరాన. రైలు మాత్రం ముందు పడమటికి, గుత్తి దాకా పోయి, అక్కడ నుంచి కర్నూలు వైపు తిరుగుతుంది. రాత్రంతా నిద్రపోతాం కాబట్టి ఆ తిరుగుడు మనకు తెలియదు.

మన మూడు ఊర్ల మధ్యనే చూడండి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల. ఈ మూడింటికీ దారం కడితే ఒక త్రికోణం వస్తుంది. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగుకు ఇరవై కిలోమీటర్ల పైన. ప్రొద్దుటూరు నుంచి పులివెందులకు యాభై. జమ్మలమడుగు నుంచి పులివెందులకూ ఇంచుమించు యాభయ్యే. ఇదంతా గాలిలో దూరం. నేల మీద ఆ యాభైని ఎవరూ యాభైలో పోలేరు. బస్టాండులో పెద్దాయన రెండు గంటలు అన్నది ఊరికే అన్న మాట కాదు. బస్సు ఆగాలి. ఎక్కేవాళ్లు ఎక్కాలి. కండక్టరు చిల్లర వెతుక్కోవాలి.

దారం అన్నాను కదా, ఇంకో చిన్న సంగతి. దూర ప్రయాణాల్లో ఈ దారం పటం మీద వంకరగా కనిపిస్తుంది. మన పిల్లలు అమెరికాకు పోతుంటారు. ఢిల్లీలో ఎక్కి శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగేవాళ్లు, విమానంలో ముందు సీటు వెనక ఉన్న బొమ్మ చూసి ఆశ్చర్యపోతారు. “ఇదేంటి, ఉత్తర ధ్రువం వైపు తీసుకుపోతున్నాడు!” అని. ఒక గుండ్రటి గుమ్మడికాయ తీసుకోండి. దానిమీద రెండు సున్నపు చుక్కలు పెట్టండి. రెండింటి మధ్య దారం బిగించి లాగండి. దారం తనంతట తనే దగ్గర దారి వెతుక్కుంటుంది. అది కాయ పైభాగం మీదుగా పోతుంది. భూమి గుమ్మడికాయ. పటం దాన్ని బలవంతంగా పరిచిన తోలు. అందుకే పటం మీద వంకర, నిజంలో తిన్నన.

ఇక విమానం దగ్గరికి వద్దాం.

కడప విమానాశ్రయం 2015 జూన్ 7న ప్రయాణికులకు తెరుచుకుంది. అంతకుముందు అక్కడ రన్‌వే ఉండేది కానీ మనలాంటివాళ్లు టికెట్ కొని ఎక్కే విమానం లేదు. తర్వాత 2017 ఏప్రిల్ 27న కేంద్ర ప్రభుత్వం ఉడాన్ పథకం మొదలుపెట్టింది. ఆరోజు సిమ్లా నుంచి ఢిల్లీకి ఒక విమానం, నాందేడ్ నుంచి హైదరాబాదుకు ఒకటి, కడప నుంచి హైదరాబాదుకు ఒకటి. దేశం మొత్తం మీద ఆ పథకంలో మొదట లేచిన విమానాల్లో మన కడపది ఒకటి. ఆ పథకంలో నాకు నచ్చిన ముక్క వేరే ఉంది. టికెట్ ధర ఎలా చెప్పారో తెలుసా? “గంట ప్రయాణానికి 2,500 రూపాయలు” అన్నారు. కొన్ని సీట్లకు అంతకుమించి తీసుకోకూడదని. మా జేజి లెక్కే! దూరం అంటే కాలం. ఆ తర్వాత సర్వీసులు ఆగాయి, మళ్లీ మొదలయ్యాయి. చిన్న ఊరి విమానం సంగతి మీకు తెలియంది కాదు.

కడప నుంచి శంషాబాదుకు గాలిలో 300 కిలోమీటర్ల పైచిలుకు. మన వైపు తిరిగే చిన్న విమానం, రెండు పక్కలా పంకాలు తిరిగేది, గంటకు దాదాపు 500 కిలోమీటర్లు పోతుంది. అప్పుడు ఎంతసేపు పట్టాలి? నలభై నిమిషాలు కూడా పట్టకూడదు. మరి టికెట్ మీద గంటకు పైన ఎందుకు రాస్తారు?

ఇక్కడ ఒక చిన్న రహస్యం ఉంది. ఎద్దులబండి తోలినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. బండి ఏటవాలులో నిలిపితే చక్రానికి రాయి అడ్డం పెడతాం కదా. విమానం నిలబడి ఉన్నప్పుడు దాని చక్రాలకూ అలాగే దిమ్మెలు అడ్డం పెడతారు. విమానాలవాళ్ల లెక్క ఆ దిమ్మె తీసిన క్షణం నుంచి మొదలవుతుంది. అవతల దిగి, నిలబడి, మళ్లీ దిమ్మె పెట్టేదాకా నడుస్తుంది. అంటే టికెట్ మీద గంట అంటే గాల్లో ఉన్న గంట కాదు. రన్‌వే దాకా పాక్కుంటూ పోయేది అందులోనే. పైకి ఎక్కేది అందులోనే. శంషాబాదు మీద “కాసేపు ఆగు, ముందు పెద్ద విమానం దిగాల” అంటే గాల్లో ఒక చుట్టు కొట్టేదీ అందులోనే. దిమ్మె నుంచి దిమ్మె దాకా. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

అయితే మన ప్రయాణం దిమ్మె నుంచి దిమ్మె దాకా కాదు. మన ప్రయాణం గడప నుంచి గడప దాకా. ఇక్కడే అసలు తకరారు.

బస్టాండులో చూసిన ఆ కుర్రాడి వెంట మనమూ పోదాం పదండి. అతని ఇల్లు ప్రొద్దుటూరులో అనుకుందాం. వాళ్లమ్మ సద్ది కట్టి, నాలుగు జాగ్రత్తలు చెప్పి పంపింది. బస్టాండుకు ఆటో. కడపకు బస్సు గంటంపావు. అక్కడ నుంచి విమానాశ్రయానికి మళ్లీ ఆటో. విమానం లేచే టైముకు గంట ముందే సామాను తీసుకునే కిటికీ మూసేస్తారు. అందుకని రెండు గంటల ముందే పోవడం మన అలవాటు. అక్కడ తనిఖీ. బెల్టు విప్పు, జేబులో ఉన్నది బయట పెట్టు. తర్వాత కూర్చోవడం. తర్వాత గంటా పది నిమిషాల విమానం. దిగినాక సామాను కోసం నిలబడటం. శంషాబాదు నుంచి మియాపూరుకో, కూకట్‌పల్లికో గంట పైనే. సాయంత్రం అయితే ఆ గంట గంటగా ఉండదు.

కూడండి. ఆరు గంటలు దాటిపోయింది. ఈ ఆరు గంటల్లో అతను గాల్లో ఉన్నది గంట కూడా లేదు. 

రాత్రి పది గంటలకు ప్రొద్దుటూరులో బస్సెక్కినవాడికి ఎనిమిది గంటలు. కానీ వాడు ఆ ఎనిమిదిలో ఆరు గంటలు నిద్రపోయినాడు. తెల్లారి కూకట్‌పల్లిలో దిగి పళ్లు తోముకుంటున్నాడు. ఎవరికి కాలం మిగిలింది? నన్నడిగితే, పగలు పని పోకుండా పోవాలనుకునేవాడికి రాత్రి బస్సే విమానం. పొద్దున మీటింగుకు పోయి రాత్రికి ఇల్లు చేరాల్సినవాడికి, ఆపరేషన్ చేయించుకున్న మనిషిని తీసుకుపోయేవాడికి విమానమే విమానం. ధర సంగతి నేను చెప్పను. అది ఈరోజు ఒకటి, రేపు ఒకటి. మన టమోటా నయం.

ఇది మన వెనకబడిన ఊర్ల కథే అనుకోకండి. ఐరోపాలో రెండు మహానగరాలు తీసుకుందాం. లండన్, పారిస్. రెండింటి మధ్య గాలిలో దూరం 340 కిలోమీటర్ల చిల్లర. కడపకూ హైదరాబాదుకూ ఉన్నదానికి కాస్త ఎక్కువ, అంతే. మధ్యలో మాత్రం సముద్రం. టికెట్ మీద విమానం టైము గంటంపావు. అచ్చం మన కడప విమానం లాగే! వాళ్లది పెద్ద జెట్టు, మనది చిన్న పంకాల విమానం. వేగం వాళ్లది ఎక్కువే. కానీ అంత తక్కువ దూరంలో వేగం చూపించే చోటేదీ? ఎక్కడం, దిగడంతోనే సరిపోతుంది.

అక్కడా గడప లెక్క ఇదే. లండన్ విమానాశ్రయం ఊరికి దూరం. పారిస్‌దీ దూరం. తనిఖీలు, క్యూలు. వాళ్లు ఏం చేశారు? సముద్రం కింద సొరంగం తవ్వి 1994లో రైలు నడిపారు. ఆ రైలు లండన్ నడిబొడ్డున ఎక్కితే పారిస్ నడిబొడ్డున దింపుతుంది. 2007 నుంచి రెండుంపావు గంటల్లోనే. విమానం గంటంపావు, రైలు రెండుంపావు. టికెట్లు పక్కపక్కన పెడితే విమానమే గెలుస్తుంది. గడపలు కలిపి లెక్కేస్తే రైలు గెలుస్తుంది. జనం రైలే ఎక్కుతున్నారు. ఫ్రాన్సు ప్రభుత్వం ఇంకో అడుగు ముందుకేసింది. రెండున్నర గంటల్లోపు రైలు ఉన్న చోట్ల దేశంలోపలి విమానాలు వద్దని చట్టం చేసి 2023 మే నెలలో అమలులోకి తెచ్చింది. పారిస్‌లోని ఓర్లీ విమానాశ్రయం నుంచి లియాన్ లాంటి ఊర్లకు పోయే విమానాలు ఆ చట్టం కిందికి వచ్చాయి.

మన దగ్గర అలాంటి చట్టం చేయాలంటే ముందు అలాంటి రైలు కావాలి. ప్రొద్దుటూరుకు రైలు వచ్చిందే నిన్నమొన్న. ఎర్రగుంట్ల నుంచి నంద్యాల దాకా కొత్త లైను పూర్తయి, 2016లో రైలు తిరగడం మొదలైంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, బనగానపల్లె అప్పుడే పట్టాల మీదికి వచ్చాయి. అంతకుముందు రైలంటే ఎర్రగుంట్లకో, ముద్దనూరుకో పోవాల్సిందే. మద్రాసు నుంచి బొంబాయికి పోయే పాత లైను పంతొమ్మిదో శతాబ్దంలోనే మన పక్క నుంచి పోయింది. బంగారం అంగళ్లకు, బట్టల వ్యాపారానికి పేరుపడిన ప్రొద్దుటూరును మాత్రం పలకరించకుండా పోయింది. పెద్దింటి పెళ్లి ఊరేగింపు మన వీధి మొగదాకా వచ్చి తిరుక్కున్నట్టు. ఇక పులివెందులకు నేటికీ రైలు లేదు.

పులివెందుల పేరు వచ్చింది కాబట్టి ఒక తమాషా సంగతి. పులివెందులవాళ్లు దూరం పోవాలంటే ఏ విమానాశ్రయానికి పోతారు? కడప మన జిల్లాది, దగ్గర. కానీ అక్కడ నుంచి కొద్ది ఊర్లకే విమానాలు. అందుకని చాలామంది కదిరి మీదుగా బెంగుళూరు పోతారు. ఎందుకంటే బెంగుళూరు విమానాశ్రయం ఊరికి ఉత్తరాన, దేవనహళ్లి దగ్గర ఉంది. అంటే మన వైపు! బెంగుళూరులో కొన్ని పేటలవాళ్లు రెండు గంటలు ట్రాఫిక్‌లో ఇరుక్కొని చేరే చోటుకు, మనవాడు ఊర్లోకి అడుగే పెట్టకుండా చేరుకుంటాడు. శంషాబాదూ అంతే. హైదరాబాదుకు దక్షిణాన, మన వైపు. కర్నూలు రోడ్డు బస్సులో పోయేవాళ్లకు ఊరికంటే ముందు ఆ విమానాశ్రయమే ఎదురవుతుంది. ఊరికి ఏ వైపున విమానాశ్రయం ఉందనేది కిలోమీటర్ల పట్టీలో కనపడదు. గడప లెక్కలో కనపడుతుంది.

ఇక జమ్మలమడుగు. ఆ ఊరికి ఐరోపాతో ఉన్న చుట్టరికం పాతది. జమ్మలమడుగుకు పక్కనే గండికోట. 1652లో ఆ కోటకు ఒక ఫ్రెంచి వజ్రాల వ్యాపారి వచ్చాడు. పేరు తావెర్నియే. గోల్కొండ సుల్తానుకు సరుకు అమ్మాలి. సుల్తాను దగ్గరికి పోయే ముందు మంత్రి మీర్ జుమ్లాకు చూపించాలి. మీర్ జుమ్లా అప్పుడు గండికోటలో ఉన్నాడు. అందుకని మచిలీపట్నం వచ్చినవాడు మద్రాసు పోయి, అక్కడ నుంచి మన పెన్నేటి గట్టుకు చేరాడు. ఆ మనిషి రాసుకున్న పుస్తకంలో నాకు వజ్రాలకంటే దారి లెక్కలు ఇష్టం. ఈ ఊరి నుంచి ఆ ఊరికి ఎంత, మధ్యలో ఏ ఏరు దాటాలి, ఎక్కడ రాత్రి దిగాలి. ఈ దేశంలో దూరం కోసుల్లో చెప్తారని తన దేశంవాళ్లకు వివరంగా రాశాడు. పారిస్‌లో తన గడప దాటినవాడు గండికోట గడప తొక్కడానికి ఎన్ని నెలలు, ఎన్ని ఓడలు, ఎన్ని ఒంటెలు, ఎన్ని ఎద్దులు! ఇప్పుడు పారిస్ నుంచి చెన్నైకి విమానంలో గంటల లెక్కే. ఆ పైన జమ్మలమడుగుకు ఒక రాత్రి.

మనవాళ్లూ తక్కువ తినలేదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసులో బయల్దేరి కాశీకి పోయినాడు. పల్లకిలో. మన కడప మీదుగా, అహోబిలం మీదుగా. మళ్లీ మద్రాసు చేరింది 1831 సెప్టెంబరులో. పదిహేను నెలలు దాటింది. దారిలో ఏ ఊర్లో నీళ్లు బాగుంటాయి, ఎక్కడ సరుకులు దొరుకుతాయి, ఏ దారి రాళ్లదారి, అన్నీ రాసుకుంటూ పోయినాడు. ఆయన లెక్కలో దూరం అంటే నీళ్లు, నీడ, బోయీల భుజాలు. ఇప్పుడు విమానంలో పోయి వచ్చినవాణ్ని “దారిలో ఏం చూస్తివి?” అని అడగండి. “మబ్బులు” అంటాడు. అది కూడా కిటికీ సీటు దొరికితే.

చివరికి మన జిల్లాలో చాలా ఇండ్లకు బాగా తెలిసిన ప్రయాణం ఒకటుంది. అది లండన్‌కూ కాదు, పారిస్‌కూ కాదు. కువైట్‌కు. మన జిల్లా నుంచి కువైట్‌కు పోయిన మనిషి లేని వీధి వెతకాలి. డ్రైవర్లు, వంటవాళ్లు, ఇంటిపని చేసే ఆడవాళ్లు. ఏజెంటుకు కట్టిన అప్పు తీరేదాకా తిరిగి చూడనివాళ్లు.

చెన్నై నుంచి కువైట్‌కు విమానం ఐదు గంటలకు కాస్త అటూ ఇటూ. పోయేటప్పటికంటే వచ్చేటప్పుడు కొంచెం తక్కువ పడుతుంది. అది ఇంటి మీద ప్రేమతో కాదు. పై ఎత్తున గాలి పడమటి నుంచి తూర్పుకు వీస్తుంది. పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి. సైకిలు తొక్కినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

అయితే టికెట్ చూస్తే లెక్క తప్పినట్టు ఉంటుంది. చెన్నైలో పొద్దున పది గంటలకు లేచిన విమానం కువైట్‌లో పన్నెండున్నరకు దిగిందని ఉంటుంది. అంటే రెండున్నర గంటలా? వచ్చేటప్పుడు అక్కడ పది గంటలకు లేచింది చెన్నైలో ఐదింటికి దిగుతుంది. అంటే ఏడు గంటలా? పోయేది రెండున్నర, వచ్చేది ఏడు! ఒక ఇంట్లో దీనిమీద పెద్ద వాదనే విన్నాను. “మావాడు ఎక్కింది మంచి ఇమానం కాదు, అందుకే ఆలస్యం” అని. కాదమ్మా. రెండు ఊర్ల గడియారాలు వేరు. కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక ఉంటుంది. టికెట్ మీద ఏ ఊరి టైము ఆ ఊరి గడియారంలో రాస్తారు. పోయేటప్పుడు ఆ రెండున్నర గంటలు తీసి చూపిస్తారు. వచ్చేటప్పుడు కలిపి చూపిస్తారు. ప్రయాణం మాత్రం రెండుసార్లూ ఇంచుమించు అంతే. లండన్, పారిస్ మధ్య కూడా ఒక గంట తేడా ఉంది. పారిస్‌లో పదికి లేచినవాడు లండన్‌లో పదింపావుకు దిగుతాడు. కాగితం మీద పదిహేను నిమిషాలు! ఆ పదిహేను నిమిషాలు చూసి మురిసిపోయేవాడు ఐరోపాలోనూ ఉంటాడు.

మరి గడప లెక్క? పులివెందుల దగ్గర పల్లె నుంచి చెన్నైకి మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు. సాధారణంగా ముందురోజు రాత్రే బయల్దేరతారు. ఒక్క మనిషిని పంపడానికి తొమ్మిదిమంది పోతారు. బాడుగ జీపు. ముందు సీట్లో పోయే మనిషి. వెనక అమ్మ, పెండ్లాం, పిల్లలు, బావమరిది, ఎందుకు వచ్చాడో తెలియని పక్కింటాయన. కారం పొడి, ఊరగాయ, బుడ్డలు, అట్టపెట్టెకు నైలాను తాడు. ఆ తాడు విమానాశ్రయంలో ఇప్పేటప్పుడు ఊరగాయ వాసన చెన్నై అంతా తెలుస్తుంది. బరువు ఎక్కువైందని రెండు పొట్లాలు వెనక్కి ఇస్తారు. ఆ రెండు పొట్లాలే తిరుగు ప్రయాణంలో ఆ తొమ్మిదిమందికీ టిఫిను. ఇక్కడ ఒక రాత్రి, విమానాశ్రయంలో నాలుగు గంటలు, గాల్లో ఐదు గంటలు, అక్కడ ఇమిగ్రేషన్, తీసుకుపోవడానికి కఫీల్, అంటే అక్కడి యజమాని, పంపే మనిషి కోసం ఎదురుచూపు. పూర్తి ఒక రోజు. అందులో ఆకాశం ఐదు గంటలు.

అలాంటి ఒక ఇంటికి, పులివెందులకు కాస్త ఎడంగా ఉన్న పల్లెలో, ఆమధ్య పోయినాను. బస్టాండులో చూసిన పెద్దాయన బస్సు దిగిన చోటుకు దగ్గరే. ఆ ఇంటి పెద్దావిడ కొడుకు కువైట్‌లో డ్రైవరు. ఆమెకు చదువు రాదు. గడియారం చూడటం కూడా సరిగా రాదు. “మీ వాడికి ఫోను ఎప్పుడు చేస్తావమ్మా, ఆ టైము నీకెట్లా తెలుస్తుంది?” అని అడిగినాను.

ఆమె అలమరలో ఉన్న రేడియో చూపించింది. “ఇందులో పొద్దున వార్తలు వచ్చేటప్పుడు వాడు ఆడ ఇంగా పండుకోనుంటాడు. లేపగూడదు. మేము పొద్దున సద్ది తిని, గిన్నెలు కడిగి, ఎనుముకు మేత వేసేసరికి ఆడ తెల్లారతాది. అప్పుడు చేస్తా.”

కడప రేడియో స్టేషన్ నుంచి నా మాట ఆ ఇంటి రేడియో దాకా చేరడానికి సెకనులో నాలుగు వేలో వంతు కూడా పట్టదు. ఆమె ఇప్పుడు వింటూ ఉండవచ్చు. అమ్మా, ఈ టైముకు మీవాడు బండి తుడుచుకుంటూ ఉంటాడు. కాసేపు ఆగి చెయ్యి.